నీలవేణి ముందు నిలబడినవాడు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఒక వాయి ఉల్లిపకోడీలు మాడిపోయాయి. నా చేతిలో పకోడీ మాడడమంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు, ఏడాది పాటు చెప్పుకుని నవ్వుతారు. ముందుగదిలో మా అమ్మాయి శ్రావణి, దాని స్నేహితులు ముగ్గురు చాప పరుచుకుని ఆటలో ఉన్నారు. నలుగురూ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వారమంతా మెషీన్ల దగ్గర నిలబడి, ఆదివారం తాల్‌బగీచాలో మా ఇంటికొచ్చి మంత్రగత్తెలూ కత్తివీరులూ అయిపోతారు. ఈ ఆటకి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు: ఇదిగో అడవి, ఇదిగో కోట, ఇదిగో రాక్షసుడు అని. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, నేనిలా చేస్తాను అని నోటితో చెబుతారు. అయ్యిందో లేదో పాచిక చెబుతుంది. ఆ రోజు కత్తివీరుడిగా ఆడే సౌమిక్ అనే కుర్రాడికి కోపం వచ్చింది. తలుపు అడ్డొస్తే శ్రావణి మంత్రం, గొయ్యి అడ్డొస్తే శ్రావణి మంత్రం, కాపలావాళ్లొస్తే నిద్రమంత్రం, ఇంక నా కత్తితో ఏం చెయ్యను, వంకాయలు తరగనా అని బెంగాలీలో రుసరుసలాడాడు. మూకుడు ముందు నా చిల్లులగరిటె అలా గాలిలో ఆగిపోయింది.

ఎందుకంటే ఆ మాట నేను ముప్పై అయిదేళ్ల కిందటే విన్నాను. అప్పుడది బెంగాలీలో కాదు, మా రైల్వే క్వార్టర్లుండే ట్రాఫిక్ కాలనీ తెలుగులో. అన్నవాడు అప్పలరాజు. అనిపించినదాన్ని నేను.

ఈ బెంగాలీల రైల్వే ఊళ్లో మాకు గోల్‌బజార్లో కిరాణాకొట్టు ఉండేది. పలాస వైపు నుంచి మా తాత వచ్చి పెట్టింది. కొట్టు వెనకే ఇల్లు, కాబట్టి మా బట్టలకీ పుస్తకాలకీ ఇంగువ, ఎండుమిర్చి వాసన వదిలేది కాదు. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల తుమ్మితే నన్నే చూసేది. పొద్దున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేసరికి మా మామ్మ మైదాజిగురు కాచి, సిమెంటు గచ్చు మీద కాళ్లు చాపుకుని, సరుకులు కట్టే కాగితపు సంచులు చెయ్యడానికి కూర్చునేది. బెంగాలీలు వాటిని ఠోంగాలంటారు, మేమూ అదే అనేవాళ్లం. ఆవిడకి కాగితం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే తెలిసిపోయేది, ఇది పంచదారకి ఆగుతుంది, ఇది జీలకర్రకి తప్ప పనికిరాదు అని. దాని మీద ఏ భాషలో ఏం రాసుందో ఆవిడకి అనవసరం. కాలేజీ హాస్టళ్ల నుంచి సెలవుల్లో వచ్చే పాతకాగితాలంటే మాత్రం ప్రాణం, దళసరివి, ఒకవైపు తెల్లవి. ఒకసారి ఆ కట్టల్లోనే జిరాక్సు కాగితాల బొత్తి ఒకటి వచ్చింది. పైన రెక్కలున్న పాము నిప్పు కక్కుతున్న బొమ్మ. నేను చూసేసరికి మామ్మ అప్పటికే మూడోవంతు కత్తిరించేసి అంటించేసింది. మిగిలింది లాక్కుని పారిపోయాను. ఒలమ్మో, పిల్ల ఠోంగాలెత్తుకుపోతోంది అని ఆవిడ వెనకనుంచి అరిచింది.

ఆ కాగితాల్ని చదివిపెట్టింది తపన్‌దా. మా బజారు బెంగాలీ కుర్రాడు, దా అంటే అన్న, మాకంటే రెండేళ్లు పెద్ద, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, మాతో తిరిగి తిరిగి తెలుగు నేర్చుకున్నవాడు. మూడు రోజులు వాళ్ల మేడమీద కూర్చుని చదివి, ఇదొక ఆట అని తేల్చాడు. అందులో మంత్రగాళ్ల పాఠం మొత్తం ఉంది, నలభైకి పైగా మంత్రాలు. రాక్షసుల పాఠం ఉంది. కత్తివీరులది మాత్రం ఒక్క కాగితం, అదీ చిరిగింది, కత్తి పట్టుకున్న మనిషి మొండెం దాకా కనిపిస్తాడు. మిగతావన్నీ ధనియాలతో, ఎండుమిర్చితో ఊరంతా వెళ్లిపోయాయని మేం అనుకున్నాం. తపన్‌దా కథ నడుపుతానన్నాడు. నేను మంత్రగత్తెనన్నాను, నీలవేణి అని పేరు పెట్టుకున్నాను. అప్పలరాజు నా క్లాసువాడు, వాళ్ల నాన్న నూకరాజు బాబాయి వర్క్‌షాపులో ఖలాసీ. వాడు ఆ మొండెం బొమ్మ చూసి, నాను వీడినే అన్నాడు. సింహాద్రి అని పేరు పెట్టాడు. తల లేకపోతే ఏటి, సేతులున్నాయి కదా అని కూడా అన్నాడు.

ఆ తర్వాత వాడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ట్రాఫిక్‌లో ఇంటింటికీ తిరిగి, పిన్నీ, గోల్‌బజార్ కొట్టు ఠోంగాలుంటే ఇవ్వండి అని అడిగి తెచ్చేవాడు. పళ్లెంలో నీళ్లు పోసి, జిగురు వదిలేదాకా నానబెట్టి, ఒక్కొక్కటీ విప్పి గోడకి అంటించి ఆరబెట్టేవాడు. నెలరోజుల శ్రమకి నాలుగు కాగితాలు దొరికాయి. ఒకదాంట్లో తాళ్లు, కాగడాలు. ఒకదాంట్లో గుర్రానికి మేత. రెండు పడవల గురించి. సింహాద్రికి కొత్త విద్య ఒక్కటీ దొరకలేదు. సరే, గుర్రానికైనా ఆకలి తీరింది అని వాడే నవ్వాడు.

మా ఆట వాళ్ల క్వార్టరు వరండాలో, నులకమంచం మీద. ఆదివారం వర్క్‌షాపు సైరన్ ఉండదు, ఆ నిశ్శబ్దానికే కాలనీ కాలనీ కునుకు తీసేది. వాళ్లమ్మ మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి పెద్ద గిన్నెతో మధ్యలో పెట్టేది. లోపల్నుంచి ఎండుచేపల పులుసు వాసన, తీగ మీద ఆరేసిన, బాబాయి డ్యూటీకి తొడుక్కునే డాంగ్రీ నుంచి గ్రీజూ కిరోసినూ కలిసిన వాసన. ఎన్నిసార్లు ఉతికినా ఆ బట్టలకి అది పోదు, మా మిర్చి వాసన మాకు పోనట్టే. లూడో పాచికలు మావి, తంబోలా అంకెల బిళ్లలు తపన్‌దా వాళ్లమ్మవి. ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్లలు స్టీలు గ్లాసులో వేసి గిలకరించి తీసేవాళ్లం, పెద్ద అంకె వస్తే అనుకున్నది జరిగినట్టే. ఎవరి ప్రాణం ఎంతో లెక్కకి మా కొట్లోంచి చింతగింజలు. సింహాద్రికి పన్నెండు గింజలు, నీలవేణికి నాలుగే. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక గింజ తీసి గిన్నె పక్కన పెట్టాలి. ఆఖరి గింజ పోతే మనిషి పోయినట్టే.

మొదట్లో అంతా వాడిదే. నీలవేణికి రోజుకి ఒక్క మంత్రం, అది అయిపోతే ఉత్త పిల్ల. ఇరుకుసందుల్లో సింహాద్రి ముందు నిలబడేవాడు, నేను వెనక. వాడి గింజలు ఒకటీ ఒకటీ గిన్నె పక్కకి పోతుంటే నావి నాలుగూ అలాగే మెరుస్తుండేవి. ఒకసారి తోడేళ్ల గుంపు మీద పడితే వాడికి ఒక్క గింజ మిగిలింది. వెనక్కి రా అని నేనే అరిచాను. నాను కదిల్తే నీకు నాలుగే అన్నాడు, కదల్లేదు. ఆ రోజు బతికి బయటపడ్డాం. నెలలు గడిచేకొద్దీ నీలవేణి ఎదిగింది. ఎగరడం వచ్చింది, నిప్పు కురిపించడం వచ్చింది, కాపలావాళ్లని నిద్రపుచ్చడం, తాళాలు ఊడగొట్టడం వచ్చాయి. సింహాద్రి కూడా ఎదిగాడు. ఇదివరకు ఒకసారి నరికేవాడు, ఇప్పుడు రెండుసార్లు. అంతే. వాడి దగ్గరికి రాక్షసుడు చేరేలోపే నేను కాల్చేసేదాన్ని. మంచం కోడు పక్కన వాడు మరమరాలు నములుతూ కూర్చునేవాడు. నాకు కనిపించలేదని అబద్ధమాడను. కనిపించింది. గెలుస్తుంటే బాగుంది, అందుకని చూడనట్టు ఉన్నాను.

ఇక ఆ కోట ఆదివారం. లోయ చివర ఇనపతలుపు కోట ఉందని తపన్‌దా ముందు వారమే చెప్పి ఆపాడు. ఆ వారమంతా అప్పలరాజు వాళ్ల నాన్న ప్రాణాలు తోడేశాడట, ఎంత బరువుని ఏ కప్పీతో ఎత్తుతారు, రైలుపెట్టె కింద జాకీ ఎక్కడ పెడతారు అని. పాత రైల్వే ఫారం వెనకవైపు బొమ్మ గీసుకుని మడిచి చొక్కాజేబులో పెట్టుకొచ్చాడు. ఆ రోజు మరమరాలు కూడా ముట్టుకోలేదు. తలుపు ముందుకొచ్చారు, ఏం చేస్తారు అన్నాడు తపన్‌దా. వాడు జేబులో చెయ్యి పెట్టి కాగితం తీస్తున్నాడు, మడత విప్పుతున్నాడు. నేను, నీలవేణి తెరుపు మంత్రం వేస్తుంది అన్నాను. బిళ్ల తీశాను, పద్దెనిమిది. ఠీక్ హై, తెరుచుకుంది అన్నాడు తపన్‌దా.

వాడు కాగితం మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా కాదు, మెల్లగా, అంచులు కలిపి.

"తలుపు తెరుసుకుంది కదా, ఇంక నానెందుకు," అన్నాడు. మంచం దిగుతూ, "మీకు మంత్రాలున్నాయి. మాకు సేతులే," అన్నాడు.

ఆ మాట ఆటలోది మాత్రమే కాదని నాకు అప్పుడే తెలుసు. ఆ ఏడాది నేనూ తపన్‌దా కాలేజీ చదువుల గురించి మాట్లాడుకునేవాళ్లం, వాడు వర్క్‌షాపు అప్రెంటిసుకి అర్జీ పెట్టాడు. తర్వాతి ఆదివారం వాడికి ఏదో పని ఉందన్నారు. ఆ పై ఆదివారమూ పనే. నేనూ తపన్‌దా వాళ్ల మేడమీద ఇద్దరమే ఆడాం. ఆ రెండో ఆదివారమే ఒక ఇరుకుసందులో, ఏ మంత్రమూ నోటికి రాకముందే, నాలుగు మామూలు బాణాలు వచ్చి నీలవేణికి తగిలాయి. నాలుగు గింజలూ పోయాయి. నిప్పు కురిపించగలిగిన మనిషి, ముందు నిలబడేవాడు లేక చచ్చిపోయింది. తపన్‌దా మళ్లీ బిళ్ల తీద్దామా అన్నాడు. వద్దన్నాను. ఆట అక్కడితో సరి.

వాణ్ణి పిలుద్దామని ఒక సాయంత్రం ట్రాఫిక్‌కి వెళ్లాను. వాడు లేడు. నూకరాజు బాబాయి అప్పుడే వర్క్‌షాపు నుంచి వచ్చి, కిరోసిన్‌తో చేతులు తుడుచుకుని, వరండాలో టీ తాగుతున్నాడు. ఆయనకొక అలవాటు ఉండేది, ఎవరేం అడిగినా ముందు పైకి చూసేవాడు, తర్వాత కిందకి, ఆ తర్వాతే జవాబు. ఆటలో తగువొచ్చిందట కదా అని ఆయనే కదిపాడు. చెప్పాను. మంత్రగత్తెకి అంత బలముంటే కత్తివాడికి పనేముంటుంది, పుస్తకంలో వాడి కాగితాలు పోయాయి అన్నాను. ఆయన పైకి చూశాడు, కిందకి చూశాడు.

"పైన క్రేన్లో కూకున్నోడికి బలముంటాది గుంటా. రైలుపెట్టి నెత్తేస్తాడు. గానీ ఆడికి కింద ఏటుందో అగుపడదు. కిందున్నోడు సెయ్యెత్తితేనే ఆడెత్తాల. పెద్ద సాయిబొచ్చి అరిసినా ఎత్తకూడదు. కిందోడి సెయ్యే సూడాల."

కిందివాడికి అంత అధికారమా అన్నాను. అధికారం కాదు, పెట్టె పడితే ముందు పోయేది వాడే కదా, అందుకని అన్నాడు. ఇరవై ఏళ్లుగా కింద నిలబడి చెయ్యెత్తే పని ఆయనదే. నేనింటికి వెళ్లి నోటుపుస్తకంలో రూలు రాశాను: పెద్ద మంత్రం ఏదైనా కత్తివీరుడు చెయ్యెత్తాకే కదలాలి. నేలమీద ఏముందో అతనికే కనిపిస్తుంది. ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో అతనే చెబుతాడు. అతను ముందు నిలబడి ఉన్నంతసేపే మంత్రగత్తెకి బలం. పేజీ పైన చెయ్యెత్తు రూలు అని రాసి కింద రెండు గీతలు గీశాను. నలభై మంత్రాల్లో ఒక్కటీ తగ్గించకుండా వాడికి చోటు దొరికిందని నా సంబరం.

ఆ రూలు వాడికి ఇవ్వలేదు. ఇదే నేను ఎవరికీ చెప్పని సంగతి. పది రోజుల తర్వాత వాడే మా కొట్టుకి చింతపండు కోసం వచ్చాడు, కొత్త డాంగ్రీలో, అప్పుడే చేతులకి గ్రీజు. నాకు ఆ వారమే కాలేజీలో సీటొచ్చింది. నోటుపుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చింతపండు తూచాను, మామ్మ చేసిన ఠోంగాలో వేసి ఇచ్చాను. బాగున్నావా అన్నాడు. బాగున్నాను అన్నాను. ఇప్పుడిస్తే జాలిపడి ఇచ్చినట్టుంటుందని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నాది తప్పు అని నోరు తెరిచి చెప్పాల్సి వస్తుందని. సిగ్గు. అప్పట్నుంచి ఇద్దరం ఒకే ఊళ్లో ఉన్నాం. బజార్లో కనిపిస్తే తల ఊపుకోవడం, పెళ్లిళ్లలో పిల్లలేం చేస్తున్నారని అడుగుకోవడం. స్నేహానికి అంతకంటే నెమ్మదైన చావు లేదు.

మాడిన పకోడీలు పారబోసి, అటక మీంచి ఆ నోటుపుస్తకం దింపాను. ముందుగదిలోకి వెళ్లి, మీ పుస్తకంలో కత్తివీరుల పాఠం ఏదీ, చూపించు అని శ్రావణిని అడిగాను. అదే ఆట పుస్తకం, కొత్త అచ్చు, మెరిసే అట్ట, ఇటుకంత బరువు, ఒక్క పేజీ చిరగలేదు. మా మామ్మ జీలకర్రతో అమ్మేసిందని ముప్పై అయిదేళ్లుగా నేననుకున్న పాఠం అందులో మొత్తం ఉంటుంది కదా. కొన్ని పేజీలే. ఇటు తిప్పేసరికి అయిపోయింది. మంత్రాలు మాత్రం తిప్పుతున్నకొద్దీ ఉన్నాయి. అంటే మామ్మ పోగొట్టిందేమీ లేదు, అసలు రాసినవాళ్లే కత్తివీరుడికి పెద్దగా ఏమీ రాయలేదు. పాపం ఆవిడ, పోయేదాకా నా దగ్గర మాటలు పడింది. పిల్లలకి మేం పడినన్ని బాధలు లేవు, పాచికలు ఫోన్లోనే పడతాయి, ఠోంగాలు నానబెట్టే పనే లేదు. అన్నీ ఉండి కూడా సౌమిక్ అప్పలరాజులాగే గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నా రూలు చదివి వినిపించాను. సౌమిక్ నిటారుగా కూర్చుని, మాసీ, ఇది ఎవరు కనిపెట్టారు అన్నాడు. ఇది ఎవరి కోసం రాశానో అతన్ని వచ్చే ఆదివారం పిలుస్తానన్నాను. నోరు జారిన మాట. వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

ట్రాఫిక్‌లో అప్పలరాజు ఇంటికి ఆ వారంలోనే వెళ్లాను. ఇప్పుడు వేరే క్వార్టరు, వరండా మాత్రం అలాంటిదే. తీగ మీద డాంగ్రీ, అదే వాసన. నూకరాజు బాబాయి పోయి చాలా ఏళ్లయింది. అప్పలరాజు వర్క్‌షాపులో చేసేదీ వాళ్ల నాన్న పనే, క్రేను కింద నిలబడి చెయ్యెత్తడం. జుట్టు నెరిసింది, భుజాలు అలాగే ఉన్నాయి. వాళ్లావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లాక నోటుపుస్తకం తీసి వాడి ముందు పెట్టాను. కోటతలుపు రోజు నాది తప్పు అన్నాను, ముప్పై అయిదేళ్ల క్రితం అనాల్సిన మాట. ఆ కాగితం మీద ఏం గీశావో ఒక్కసారి కూడా అడగలేదు అన్నాను. వాడు పేజీ చదివాడు, పెదాలు కదుపుతూ, తొందర లేకుండా. పైకి చూశాడు. కిందకి చూశాడు. వాడు ఏమంటాడో అన్నీ ఊహించుకునే వెళ్లాను, తిట్టినా, నవ్వేసినా, నాకు గుర్తే లేదన్నా. వాడు అడిగింది మాత్రం ఊహించలేదు.

"నానెల్లిపోయినాక నీలవేణి ముందర ఎవులు నిలబడ్డారు?"

ఎవరూ నిలబడలేదు, రెండో ఆదివారమే పోయింది అన్నాను.

"నాలుగే కదా దానికి," అన్నాడు. నోటుపుస్తకం మూశాడు. ఆ తర్వాత, "అదే అనుకున్నాను. అప్పుడే సెప్పుంటే ఒచ్చీవోణ్ణి కదా, బానూ," అన్నాడు.

ఇన్నేళ్లూ వాడి కోపం ఎంత మిగిలిందో అని నేను లెక్కలేసుకుంటూ తిరిగాను. వాడేమో నా నాలుగు గింజల గురించి అనుకుంటూ ఉన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ వరండాలోనే ఏడ్చేశాను. వాళ్లావిడ తొంగిచూస్తే, ఏటీ నేదు, పాత సుట్టం పోయిన కబురు అని వాడు చెప్పాడు.

ఈ ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, చాప మీద కూర్చోడానికి మోకాళ్లతో కాసేపు తగువుపడ్డాడు. సింతగింజలు నేవేటి అని మొదట అదే అడిగాడు. ప్రాణం లెక్క ఫోన్లో ఉంటుంది మావయ్యా అని శ్రావణి చెబితే, ఫోన్లో పేణమేటి అని నవ్వాడు. నేను వంటింట్లోంచి గుప్పెడు గింజలు తెచ్చి పోశాను. కథ నడిపే అమ్మాయి వాళ్లని పాడుబడిన కోటలోకి తీసుకెళ్లింది. ఎదురుగా ఇనపతలుపు. శ్రావణి అలవాటుకొద్దీ నోరు తెరిచి, ఆగి, వాడి వైపు తిరిగింది. సౌమిక్ తిరిగాడు. పకోడీల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నేనూ వాడినే చూస్తున్నాను. అప్పలరాజు పైకి చూశాడు. కిందకి చూశాడు. తలుపు బరువెంత, కింద సందెంత, అవతల ఎవరైనా ఉన్నారా అని కథ నడిపే అమ్మాయిని ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. అది లేచేదాకా మా ఇంట్లో ఎవరూ మంత్రం మాట ఎత్తలేదు.